హత్షెప్సుట్ ఈజిప్టు సింహాసనం ఎలా ఎక్కింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన ఈజిప్టు రాణులు అనగానే చాలామందికి క్లియోపాత్రా ఒక్కతే గుర్తుకొస్తుంది. ఆమెకు 1400 ఏళ్లకు పైగా ముందే, ఈజిప్టు అత్యంత బలంగా ఉన్న కాలంలో, దాదాపు ఇరవై రెండేళ్లు దేశాన్ని నడిపిన స్త్రీ హత్షెప్సుట్. ఆమె గురించి పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. ఆమె గద్దెను దొంగిలించిందని, సవతి కొడుకు నోటి దగ్గర కూడు లాక్కుందని రాసే కథనాలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. శాసనాలు చెప్పే కథ వేరు.

హత్షెప్సుట్ ఎవరి కూతురు? ఏ కాలానికి చెందినది?

పద్దెనిమిదో రాజవంశానికి చెందిన మొదటి థుట్మోస్‌కు, ఆయన పట్టమహిషి అహ్మోస్‌కు పుట్టిన కూతురు. పాలించిన కాలం సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1458 వరకు. పేరుకు అర్థం ‘గొప్ప ఇంటి స్త్రీలలో మేటి’ అని. రాజధానిగా, మతకేంద్రంగా వెలిగిన థీబ్స్ నగరమే నేటి లక్సర్.

రాజుకు కొడుకు ఉన్నాడు కదా, అధికారం ఆమె చేతికి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. ఆమె ఒక్క రోజులో సింహాసనం ఎక్కలేదు. మెట్టు తరువాత మెట్టు ఎక్కింది. చివరి మెట్టు తప్ప మిగతావన్నీ అప్పటికే ఉన్న ఆచారాలే.

మొదటి థుట్మోస్ తరువాత ఆయనకు ముట్నోఫ్రెట్ అనే మరో భార్య వల్ల పుట్టిన రెండో థుట్మోస్ రాజయ్యాడు. ఆ కాలపు రాజకుటుంబ ఆచారం ప్రకారం హత్షెప్సుట్‌ను, అంటే తన సవతి సోదరినే, ఆయన పెళ్లాడాడు. వాళ్లకు నెఫెరూరే అనే కూతురు పుట్టింది. కొడుకు మాత్రం ఇసెట్ అనే చిన్న భార్యకు పుట్టాడు. ఆ బాబే మూడో థుట్మోస్.

రెండో థుట్మోస్ చనిపోయేనాటికి ఆ పిల్లవాడు పసివాడు. మహా అయితే రెండు మూడేళ్లు ఉంటాయని పండితుల అంచనా. కిరీటం అతనికే పెట్టారు. కానీ రాజ్యం నడపాల్సింది ఎవరు? పసివాడి కన్నతల్లికి రాజరక్తం లేదు. హత్షెప్సుట్ ఒక రాజుకు కూతురు, మరో రాజుకు పట్టమహిషి. పైగా అమున్ దేవుడి ఆలయంలో పెద్ద పదవిలో ఉంది. ఆమె ముందుకు రావడంలో ఆ కాలపు వాళ్లకు వింతేమీ కనిపించి ఉండదు.

ఆ పరిస్థితిని కళ్లారా చూసిన ఇనేని అనే ఉన్నతాధికారి తన సమాధిలో రాయించుకున్న మాటలు మనకు మిగిలాయి. రాజు స్వర్గానికి వెళ్లి దేవతల్లో కలిశాడనీ, ఆయన కొడుకు ఆయన స్థానంలో రాజుగా నిలిచాడనీ, ‘దేవుడి భార్య’ హత్షెప్సుట్ తన ఆలోచన ప్రకారం దేశ వ్యవహారాలు నడిపిందనీ అందులో ఉంది. ఇనేని ఆ పసిరాజు పేరు కూడా రాయలేదు, ఆమె పేరు మాత్రం రాశాడు. అధికారం నిజంగా ఎవరి చేతిలో ఉందో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

‘దేవుడి భార్య’ అంటే ఏమిటి? అది అంత పెద్ద పదవా?

చాలా పెద్దది. పూర్తి పేరు ‘అమున్ దేవుడి భార్య’. థీబ్స్‌లో అమున్ కొలువైన కర్నాక్ ఆలయంలో పూజా క్రతువుల్లో పాల్గొనే రాజకుటుంబ స్త్రీకి ఈ హోదా దక్కేది. దానితో పాటు సొంత భూములు, రాబడి, సిబ్బంది కూడా. హత్షెప్సుట్‌కు రెండు మూడు తరాల ముందు అహ్మోస్ రాజు ఈ పదవికి సంబంధించిన ఆస్తులను తన రాణి అహ్మోస్-నెఫెర్టారికి రాసిచ్చిన శాసనం కర్నాక్‌లో దొరికింది. రాజు దయ మీద ఆధారపడని ఆదాయం, పూజారుల మధ్య పలుకుబడి, రెండూ ఈ పదవి వల్ల వచ్చేవి. భర్త పోయాక ఆమె ఏ హోదాతో దేశాన్ని నడిపిందో ఇనేని రాశాడు కదా, ‘రాజమాత’ అనో ‘రాజు భార్య’ అనో కాదు, ‘దేవుడి భార్య’ అని. ఈ సంగతిని చాలా పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో కథకు ఇరుసు ఇదే.

ఆమెకు ముందు స్త్రీలు ఎవరైనా పాలించారా?

పాలించారు. మొదటి రాజవంశంలోనే, అంటే క్రీ.పూ. 3000కు కాస్త అటూఇటూ, మెర్నైత్ అనే రాణి తన కొడుకు డెన్ చిన్నవాడుగా ఉన్నప్పుడు దేశాన్ని నడిపిందని భావిస్తున్నారు. అబిడోస్‌లో రాజుల సమాధుల మధ్య ఆమెకూ ఒక సమాధి ఉంది. పన్నెండో రాజవంశపు చివరి పాలకురాలు సోబెక్‌నెఫెరు పూర్తి రాజబిరుదులతో దాదాపు నాలుగేళ్లు ఏలింది. ఆమె విగ్రహం ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆడవారి దుస్తుల మీద, రాజులు నడుముకు చుట్టుకునే కిల్టు అనే వస్త్రం కట్టుకున్నట్టు దాన్ని చెక్కారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ హత్షెప్సుట్ పూర్వీకుల్లోనే ఉంది. హిక్సోస్ అనే పరదేశీ పాలకులను తరిమే యుద్ధాల కాలంలో అహ్‌హోటెప్ రాణి సైన్యాన్ని కూడగట్టిందని, పారిపోయినవారిని వెనక్కు తెచ్చిందని ఆమె కొడుకు అహ్మోస్ కర్నాక్ శాసనంలో పొగిడాడు. అంటే ఆ వంశంలో రాజు చిన్నవాడైనప్పుడో యుద్ధంలో ఉన్నప్పుడో ఇంటి ఆడవాళ్లు రాజ్యభారం మోయడం అలవాటైన విషయమే. ఆ వంశంలో హత్షెప్సుట్ చేసిన కొత్త పని దాని తరువాతి మెట్టు ఎక్కడం, అంటే తానే రాజు కావడం.

సంరక్షకురాలు ఎప్పుడు రాజయింది?

పాలన తొలి ఏళ్లలో ఆమె రాణి రూపంలోనే కనిపిస్తుంది. రెండో ఏట, ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలోని సెమ్నా ఆలయంలో వేయించిన శాసనంలో రాజు స్థానం పిల్లవాడిదే, ఆమె హోదా రాణిదే. తనకోసం ముందే తొలిపించుకున్న సమాధి కూడా రాణి సమాధే. థీబ్స్ పడమటి కొండల్లో ఎత్తైన రాతి చీలికలో ఉన్న ఆ సమాధిని 1916లో పురావస్తు శాస్త్రవేత్త హోవార్డ్ కార్టర్ చూశాడు. అందులోని రాతి శవపేటిక మీద ఉన్నవి ‘రాజు కూతురు, రాజు సోదరి, రాజు భార్య, దేవుడి భార్య’ అన్న బిరుదులే.

తేదీ గురించి అసలైన సాక్ష్యం ఒక సామాన్యుల సమాధిలో దొరికింది. ఆమె ముఖ్య అధికారి సెనెన్‌ముట్ తల్లిదండ్రులు రమోస్, హత్‌నోఫెర్‌ల సమాధిని దొంగలెవరూ తాకలేదు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం బృందం 1936లో దాన్ని తెరిచింది. లోపల పెట్టిన జాడీల్లో ఒకదాని మీద పాలన ఏడో సంవత్సరం తేదీ రాసి ఉంది. కొన్నింటి ముద్రల మీద ‘దేవుడి భార్య హత్షెప్సుట్’ అని, మరికొన్నింటి మీద ‘మంచి దేవత మాత్కారే’ అని ఉంది. మాత్కారే ఆమె సింహాసన నామం. అంటే ఏడో ఏటికల్లా ఆమె రాజయింది, పాత ముద్రలు, కొత్త ముద్రలు ఇంకా పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. పట్టాభిషేక శిల్పాలు రాజు చెప్పదలచుకున్నదే చెబుతాయి. ఒక ముసలితల్లి సమాధిలో కొడుకు పెట్టించిన నూనె జాడీకి అబద్ధం చెప్పే అవసరం లేదు.

సంరక్షకురాలిగానే ఉండిపోతే సరిపోయేది కదా?

తానెందుకు రాజయిందో ఆమె ఎక్కడా కారణం రాయలేదు. తండ్రే తనను ఎంచుకున్నాడని, దేవుడే ఆజ్ఞాపించాడని మాత్రం చెప్పుకుంది. పిల్లవాడు చనిపోతే లేదా మరో హక్కుదారు లేస్తే వంశం చేజారుతుందన్న భయం ఒక కారణమై ఉండవచ్చని కొందరు పండితులు అంటారు. పెత్తనం రుచి చూసినవారు వదలరని మరికొందరు అంటారు. ఆమె పిల్లవాడిని తొలగించకపోవడం చూస్తే మొదటి మాటకే బరువు ఎక్కువ అని నాకు అనిపిస్తుంది.

‘రాణి’ అని పిలిపించుకుంటే చాలదా, ‘రాజు’ ఎందుకు కావాలి?

తెలుగులో రాణి అంటే రాజు భార్య కావచ్చు, స్వయంగా ఏలే స్త్రీ కావచ్చు. ప్రాచీన ఈజిప్టు భాషలో ఆ రెండో అర్థానికి మాట లేదు. ‘హెమెట్ నెసుట్’ అంటే రాజు భార్య, ‘ముట్ నెసుట్’ అంటే రాజు తల్లి. రాజకుటుంబ స్త్రీ బిరుదులన్నీ ఆమెకు ఒక మగవాడితో ఉన్న చుట్టరికాన్ని చెప్పేవే.

పైగా రాజు అంటే పాలకుడు మాత్రమే కాదు. దేవతలకు నైవేద్యం పెట్టేది సిద్ధాంతరీత్యా రాజే. ‘మాత్’ అనే ధర్మాన్ని, లోకపు క్రమాన్ని నిలబెట్టేది ఆయనే. ఆ స్థానంలో నిలబడాలంటే రాజు కావాల్సిందే, దగ్గరి దారి లేదు. ఆమె తన సింహాసన నామంలోనే ‘మాత్’ను పెట్టుకుంది.

గడ్డం పెట్టుకుని మగవేషం వేసి ప్రజలను మోసం చేసిందా?

లేదు. ఆమె స్త్రీ అని అందరికీ తెలుసు, ఆమె దాచనూ లేదు. ఆ గడ్డం నిజమైనది కాదు, రాజులందరూ క్రతువుల్లో కట్టుకునే కృత్రిమ గడ్డం. కిరీటం, రాజదండం ఎలాంటివో అదీ అలాంటిదే. తొలి విగ్రహాల్లో ఆమె దేహం స్పష్టంగా స్త్రీది, తలమీద మాత్రం రాజుల తలపాగా. పోనుపోను శిల్పాలు సంప్రదాయ రాజు రూపానికి మారాయి. కానీ పక్కనున్న రాత చదవండి. ‘రే దేవుడి కూతురు’ అని, ‘ఆమె’ అని స్త్రీలింగ ప్రత్యయాలు వస్తూనే ఉంటాయి. ఆ కాలపు రాజుల బిరుదుల్లో ముందుండే ‘బలిష్ఠమైన వృషభం’ అన్న మాటను ఆమె తన పేర్లలో పెట్టుకోలేదు. బొమ్మ పదవిని చూపింది, అక్షరం మనిషిని చెప్పింది.

దేవుడి కూతురినని ఎలా చెప్పుకుంది?

డెయిర్ ఎల్-బహరీలో ఆమె కట్టించిన ఆలయం గోడ మీద ఆ కథ వరుస బొమ్మలుగా ఉంది. అమున్ దేవుడు మొదటి థుట్మోస్ రూపం ధరించి అహ్మోస్ రాణి దగ్గరకు వస్తాడు. దివ్య సుగంధానికి ఆమె మేల్కొంటుంది. తరువాత ఖ్నూమ్ దేవుడు కుమ్మరి సారె మీద పాపను, ఆ పాప ప్రాణశక్తిని పక్కపక్కనే మలుస్తాడు. ఆ శిశువులను మగపిల్లల రూపంలోనే చెక్కారు. మరో చోట తండ్రి మొదటి థుట్మోస్ సభ ముందు ఆమెను వారసురాలిగా ప్రకటిస్తాడు. నిజానికి ఆయన తరువాత రాజయింది రెండో థుట్మోస్ కాబట్టి ఈ ప్రకటన తరువాత అల్లినదే. రాజులు దేవుడి సంతానమన్న నమ్మకం మాత్రం ఆమె కల్పన కాదు. అంతకు వెయ్యేళ్ల ముందునుంచీ ఉన్నదాన్ని తనకు అన్వయించుకుంది.

ఆమెకు అండగా నిలిచింది ఎవరు? సెనెన్‌ముట్ ఆమె ప్రియుడన్నది నిజమా?

అమున్ ప్రధానార్చకుడు హపుసెనెబ్, కోశాధికారి నెహెసీ, గృహనిర్వాహకుడు సెనెన్‌ముట్ ముఖ్యులు. సెనెన్‌ముట్ సామాన్య కుటుంబం నుంచి వచ్చాడు. అతని తండ్రికి చెప్పుకోదగ్గ బిరుదు ఒక్కటీ లేదు. అతను రాకుమారి నెఫెరూరేకు గురువయ్యాడు. పాపను ఒళ్లో పెట్టుకుని, వస్త్రంలో చుట్టుకుని కూర్చున్న అతని విగ్రహాలు చూస్తే మనసు కరుగుతుంది. ఆమె ఆలయం కిందుగా అతను తొలిపించుకున్న గదిలో నక్షత్రపటం ఉంది. ఈజిప్టులో ఇప్పటిదాకా తెలిసిన ఖగోళ పైకప్పుల్లో పాతది అదే.

ప్రియుడన్న మాటకు ఆధారం లేదు. సమర్థుడైన మంత్రి రాజుకు దగ్గరైతే దాన్ని ప్రతిభ అంటారు, రాణికి దగ్గరైతే మాత్రం పుకారు పుడుతుంది. ఈ అన్యాయం ఆమె విషయంలో ఇన్ని వేల ఏళ్ల తరువాత కూడా ఆగలేదు.

మూడో థుట్మోస్‌ను ఆమె నిర్బంధించిందా?

ఈ ‘దుష్ట సవతి తల్లి’ కథ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల చరిత్రకారుల్లో కొందరు అల్లినది. శాసనాల సాక్ష్యం దీనికి నిలవదు.

మొదటిది, సంవత్సరాల లెక్క. ఆమె రాజైన తరువాత కూడా తేదీలను పిల్లవాడి పట్టాభిషేకం నుంచే లెక్కించారు. తన పాలనను కొత్తగా ఒకటి నుంచి మొదలుపెట్టి ఉంటే హత్‌నోఫెర్ సమాధిలోని జాడీ మీద ‘ఏడో సంవత్సరం’ అని ఉండేది కాదు. రెండోది, కర్నాక్‌లోని ఎర్రరాతి మందిరం. ఆ రాళ్లమీద ఇద్దరూ ఒకే రకం రాజవేషంతో, ముందు ఆమె, వెనుక అతను, పూజలు చేస్తూ కనిపిస్తారు. మూడోది, అన్నిటికన్నా బలమైనది. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, యుద్ధవిద్యలో ఆరితేరి, ఆమె పోయిన వెంటనే నేటి ఇజ్రాయెల్‌లో ఉన్న మెగిద్దో నగరం మీదకు సైన్యాన్ని నడిపి గెలిచాడు. శత్రువుగా భావించిన పిల్లవాడికి ఎవరైనా కత్తి పట్టడం నేర్పిస్తారా?

ఆమె పాలనలో జరిగిన గొప్ప పనులు ఏవి?

తొమ్మిదో ఏట పుంట్ దేశానికి నెహెసీ నాయకత్వంలో ఐదు ఓడలు వెళ్లాయి. పుంట్ ఎర్రసముద్రపు దక్షిణ భాగాన ఆఫ్రికా తీరం వైపు ఉండేదని భావిస్తున్నారు. అక్కడి నుంచి బంగారం, దంతం, నల్లచేవ కలప, బోళం తెచ్చారు. 31 బోళం చెట్లను వేళ్లతో సహా బుట్టల్లో పెట్టి, కర్రలకు తగిలించి మోసుకొచ్చారు. పుంట్ నాయకుడు పరెహు, అతని భారీకాయురాలైన భార్య అతి, నీటి మీద గుంజల ఇళ్లు, ఓడల కింద ఈదే చేపలు, అన్నీ గోడ మీద చెక్కి ఉన్నాయి.

కర్నాక్‌లో ఆమె నిలిపిన రాతి స్తంభాలను ఒబెలిస్కులు అంటారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. ఒకే గ్రానైటు రాయి, ఎత్తు దాదాపు 30 మీటర్లు, బరువు 300 టన్నులకు పైనే. అస్వాన్ గనిలో తొలిచి, నైలు మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు తెచ్చారు. రాయి తొలిచే పని ఏడు నెలల్లో పూర్తయిందని ఆమె శాసనమే చెబుతోంది. తాను కట్టినవాటిని రాబోయే కాలపు జనం చూసి ఏమనుకుంటారో అని తన మనసు అటూఇటూ కొట్టుకుంటోందని కూడా ఆ రాతి మీద రాయించింది. ఒక ఫారో (ఈజిప్టు రాజు) నోటి నుంచి ఇలాంటి మాట అరుదు.

యుద్ధాలు లేవని కాదు. నూబియా మీద దండయాత్ర జరిగిన ఆధారాలు ఉన్నాయి. ఆమె గర్వంగా చెప్పుకున్నవి మాత్రం వాణిజ్యం, కట్టడాలు.

రాజు పక్కన రాణి ఉండాల్సిన క్రతువులు, రాజే స్త్రీ అయినప్పుడు ఎలా జరిగాయి?

కూతురు నెఫెరూరే ‘దేవుడి భార్య’ పదవి తీసుకుని, రాణి చేయాల్సిన క్రతువులు నిర్వహించింది.

మరి ఆమె పేరు ఎందుకు చెక్కేశారు?

ఆమె రూపాలను ఉలితో తొలిచారు, విగ్రహాలను పగలగొట్టి ఆలయం దగ్గరి గోతుల్లో పడేశారు. చేయించింది మూడో థుట్మోస్. పగతోనే చేయించాడని వెంటనే అనిపిస్తుంది. కానీ ఆ పని మొదలైంది ఆమె చనిపోయిన ఇరవై ఏళ్ల తరువాత, అతని పాలన చివరి భాగంలో. పగ ఉన్నవాడు ఇరవై ఏళ్లు ఆగుతాడా? పైగా చెరిపింది రాజు రూపాలనే. రాణిగా ఉన్న బొమ్మల్లో చాలావాటిని ముట్టుకోలేదు. చెరిపిన చోట తన పేరు కన్నా తన తండ్రి, తాతల పేర్లే ఎక్కువగా వేయించాడు.

అంటే లక్ష్యం హత్షెప్సుట్ అనే మనిషి కాదు, ‘ఒక స్త్రీ రాజుగా ఉండింది’ అన్న వాస్తవం. తన కొడుకు రెండో అమెన్‌హోటెప్‌కు వారసత్వం సాఫీగా దక్కాలని, మొదటి, రెండో, మూడో థుట్మోస్‌ల గీత ఎక్కడా తెగకుండా కనిపించాలని చేశాడన్నది నేడు ఎక్కువమంది పండితుల మాట. ఆ అమెన్‌హోటెప్ తల్లి పేరు మెరిట్రే-హత్షెప్సుట్. ఆమె మన హత్షెప్సుట్ కూతురు కాదు. అయినా ఆ పేరంటేనే గిట్టని ఇల్లయితే ఆ పేరున్న స్త్రీ పట్టమహిషి కాగలిగేదా?

విగ్రహాల సంగతిలో ఇంకో మలుపు ఉంది. చాలా విగ్రహాలను మెడ, నడుము, మోకాళ్ల దగ్గర ఒక పద్ధతి ప్రకారం విరిచారని, విగ్రహాల్లోని శక్తిని తీసేసే ఆచారం అదేనని, మిగతా రాజుల విగ్రహాలకూ అలా చేశారని 2025లో వచ్చిన ఒక పరిశోధన వాదించింది.

ఫలితం మాత్రం ఒక్కటే. తరువాతి రాజవంశంలో సేతి రాజు అబిడోస్‌లో చెక్కించిన రాజుల జాబితాలో ఆమె లేదు.

మళ్లీ ఎలా బయటపడింది?

1829లో, చిత్రలిపి గుట్టు విప్పిన షాంపోలియన్ డెయిర్ ఎల్-బహరీకి వచ్చాడు. గడ్డమున్న రాజు బొమ్మ పక్కన క్రియలు, నామవాచకాలు స్త్రీలింగంలో ఉండటం చూసి విస్తుపోయాడు. ఉలి మనిషిని తొలగించింది కానీ వ్యాకరణాన్ని పూర్తిగా తొలగించలేకపోయింది. 1920లలో మెట్రొపాలిటన్ మ్యూజియానికి చెందిన హెర్బర్ట్ విన్‌లాక్ బృందం గోతుల్లోంచి విగ్రహాల ముక్కలు తీసి, ఏళ్ల తరబడి అతికించింది.

ఎలా చనిపోయింది? మమ్మీ దొరికిందా?

మూడో థుట్మోస్ పాలన 22వ ఏట, సుమారు క్రీ.పూ. 1458లో చనిపోయింది. హత్య అనడానికి ఆధారం లేదు. రాజుల లోయలోని ఒక చిన్న సమాధిలో దొరికిన స్త్రీ మమ్మీ ఆమెదేనని 2007లో ఈజిప్టు పురావస్తు అధికారులు ప్రకటించారు. ఆమె పేరున్న చెక్కపెట్టెలోని పన్ను దానికి ఆధారంగా చూపారు. పండితులందరూ దీన్ని అంగీకరించలేదు.

ఆమె తరువాత మరో స్త్రీ ఏలిందా?

పంతొమ్మిదో రాజవంశం చివర తౌస్రెట్ దాదాపు ఇదే దారిలో నడిచింది. సిప్తా అనే బాలరాజుకు సంరక్షకురాలై, అతను పోయాక తానే ఫారో అయింది. చాలా తరువాత గ్రీకు మూలాలున్న టోలెమీ వంశంలో ఏడో క్లియోపాత్రా వచ్చింది.

ఆమె ఆనవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?

లక్సర్ పడమటి ఒడ్డున డెయిర్ ఎల్-బహరీ ఆలయం, తూర్పు ఒడ్డున కర్నాక్. ఎర్రరాతి మందిరాన్ని విడి రాళ్ల నుంచి తిరిగి నిలబెట్టి కర్నాక్ ఆరుబయటి ప్రదర్శనశాలలో ఉంచారు. విగ్రహాల్లో చాలావరకు కైరోలోనూ, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలోనూ ఉన్నాయి. కర్నాక్‌లో నిలిచి ఉన్న ఆమె ఒబెలిస్క్ దగ్గర కాసేపు ఆగండి. మూడో థుట్మోస్ కాలంలో దాని కింది భాగం చుట్టూ గోడ కట్టి దాచారు. ఆమె పేరు దాని మీద ఇప్పటికీ ఉంది.